ఆ గింజలు కొనేదెవరు?

(నల్లగొండలో సైన్స్ దినోత్సవం నాడు ఇంటర్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, తోటి అధ్యాపకులకు, ఎదురుగా కూర్చున్న పిల్లలకు నమస్కారం. నాకిచ్చిన అంశం ‘భవిష్యత్తు ఇంధనాలు’. హైడ్రోజన్ మీద, కొత్త బ్యాటరీల మీద నాలుగు పేజీలు రాసుకొచ్చాను. కానీ పొద్దున బస్సు కొండమల్లేపల్లి దాటాక మా అన్న చెలక కనిపించింది. ముందు ఆ సంగతి చెప్పకపోతే ఈ పేజీలు నా నోట రావు.

2003లో కేంద్ర ప్రణాళికా సంఘం బయోడీజిల్ మీద, అంటే గింజల నూనెతో చేసే డీజిల్ మీద, నివేదిక ఇచ్చింది. అడవి ఆముదం, అదే జట్రోఫా, పెంచితే డీజిల్ మన చెలకల్లోనే పండుతుందన్నారు. నీళ్లు అక్కర్లేదు, మేకలు ముట్టవు, రాళ్ల నేలలోనూ బతుకుతుంది. బోరు ఎండిపోయి కూర్చున్న మా అన్నకు ఇంకేం కావాలి? ఒక కంపెనీ మనుషులు వచ్చి మొక్కలిచ్చారు, గింజలు మేమే కొంటామని కాగితం రాసిచ్చారు. రెండెకరాల ఆముదం మానేసి అడవి ఆముదం పెట్టాడు.

వాళ్లు మొక్క గురించి చెప్పింది అబద్ధం కాదు. అది ఎండకు చావలేదు, మేకలు ముట్టలేదు. కానీ నీళ్లు లేకుండా బతకడం వేరు, కాయడం వేరు. కాసిన ఆ కాస్తా ఒక్కసారి పండదు. ఒకే గుత్తిలో ఒక కాయ పచ్చగా, ఒకటి పసుపుగా, ఒకటి ఎండి నల్లగా ఉంటుంది. మా వదిన ఒక్కో చెట్టు దగ్గరికి నాలుగేసిసార్లు తిరిగేది. కూలోళ్లను పెడితే గింజల ధర కూలికే చాలదు. మూడో ఏడు బస్తాలు కట్టి ఫోన్ చేస్తే కంపెనీ నంబరు పనిచేయలేదు. 2017 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలని 2009లో ఢిల్లీలో విధానం వచ్చింది. అది పేపర్లో చూసి అన్న ఇంకో ఏడాది ఆగాడు. తర్వాత జేసీబీతో పీకించాడు. దానికీ అప్పే.

ఆ గింజలు కొన్ని తెచ్చాను. చూసి వెనక్కి పంపండి. నోట్లో పెట్టుకోవద్దు, విషం.

గింజలో నూనె ఉందా అని అందరం అడిగాం. ఉంది, ముప్పై శాతం పైనే ఉంది. ఏరేదెవరు, ఎంత కూలికి, కొనేదెవరు అని ఒక్కరం అడగలేదు. ఫిజిక్స్ చెప్పేవాణ్నని అన్న నన్నే అడిగాడు, ‘పెట్టమంటవా తమ్మీ’ అని. పెట్టమన్నాను.

అంటే కొత్తదేదీ రాదని కాదు. సోలార్ చూడండి. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చేసిన సోలార్ సెల్ తన మీద పడ్డ ఎండలో 6 శాతాన్నే కరెంటుగా మార్చేది. మన దేశంలో 2010లో యూనిట్ 12 రూపాయల దగ్గర పలికిన సోలార్ కరెంటు 2017లో రాజస్థాన్ భడ్లాలో 2.44కు వచ్చింది. ఎందుకు? ఫ్యాక్టరీలో చేసే పలక ఎంత ఎక్కువ చేస్తే అంత చౌకవుతుంది. ఎల్ఈడీ బల్బూ అంతే. 2014లో ప్రభుత్వం 310 రూపాయలకు కొన్నది రెండు మూడేళ్లలో 40 లోపుకు దిగింది. అడవి ఆముదం ఎన్ని ఎకరాలు పెట్టినా గింజ ఏరే కూలి తగ్గదు.

మన ఊరి పేరుతోనే ఒక టెక్నిక్ ఉంది, తెలుసా? నల్లగొండ టెక్నిక్. నాగపూర్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు తెచ్చారు. సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడం. పనిచేస్తుంది. కానీ రోజూ కొలత ప్రకారం కలపాలి, పది నిమిషాలు మెల్లగా తిప్పాలి, గంట ఆగాలి, తేట వంచుకుని మడ్డి పారబోయాలి. పొద్దున్నే నాట్లకు పోయే తల్లి ఎన్నాళ్లు చేస్తుంది? మన ఊళ్లకు ఊరట తెచ్చింది కృష్ణ నీళ్లే.

ఇక హైడ్రోజన్. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల గ్రీన్ హైడ్రోజన్, అంటే సోలార్, గాలి కరెంటు లాంటివాటితో చేసే హైడ్రోజన్, తీయాలని 2023లో కేంద్రం మిషన్ పెట్టింది. కరెంటుతో నీళ్లలోంచి హైడ్రోజన్ వస్తుందని 1800లోనే తెలుసు, అది మీ పుస్తకంలోనూ ఉంది. మీరు అడగాల్సింది వేరు. కొంటామని ఎవరు సంతకం పెట్టారు? కిలో ఎంతకు? ఎన్నేళ్లకు? పేపర్లో వార్త పడ్డప్పుడల్లా ఈ మూడూ వెతకండి. లేకపోతే మీ ఇంట్లో వాళ్లకు పెట్టమని చెప్పకండి. చేతులు జోడించి అడుగుతున్నాను.

టైమైందని సార్ సైగ చేస్తున్నారు. గింజలు ఎక్కడిదాకా వచ్చాయి? ఆఖరి బెంచీ వాళ్లు చూశాక నాకు తెచ్చివ్వండి, అందరూ చేతులు కడుక్కోండి.