పెద్ద టైరు వేసిన రోజే మీ గేరు మారిపోయింది

నమస్కారం. టైరు పెద్దదైతే ఒక్క చుట్టులో బండి ఎక్కువ దూరం పోతుంది, ఇంజిన్ తక్కువ తిరుగుతుంది, కాబట్టి మైలేజీ పెరగాలి అన్న వాదన విశాఖలో ఆఫ్‌రోడ్ బండ్ల గురించి మాట్లాడుకునే ప్రతి చోటా నాకు వినిపిస్తూనే ఉంది. ఇందులో మొదటి రెండు మాటలూ నిజమే, చిక్కు కూడా అక్కడే ఉంది. అదే బండి శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు, ఇదివరకు మూడో గేరులో తీసుకున్న మలుపులను రెండో గేరులో రొప్పుకుంటూ తీసుకుంటుంది. అప్పుడు తప్పు టర్బో మీదికో, డీజిల్ మీదికో పోతుంది గానీ టైరు మీదికి మాత్రం పోదు.

నీళ్ల బిందెను చంకన పెట్టుకుని నడవడం ఒక ఎత్తు, అదే బిందెను చెయ్యి చాచి పట్టుకోవడం మరొక ఎత్తు. బిందె బరువు మారలేదు, భుజానికీ బిందెకూ మధ్య దూరం మారింది. ఇక్కడ ఇరుసు భుజం, టైరు వ్యాసార్థం చెయ్యి, బండిని ముందుకు నెట్టడానికి నేల దగ్గర కావలసిన బలం బిందె. 31 అంగుళాల టైరు తీసి 35 అంగుళాలది వేస్తే చెయ్యి సుమారు 13 శాతం పొడవవుతుంది, ఇంజిన్ మాత్రం పాతదే. పైగా పెద్ద టైరు స్వయంగా బరువెక్కువ కనుక, చాచిన చేతిలోని బిందెలో మరో రెండు చెంబుల నీళ్లు పోసినట్టవుతుంది.

(తెరపై: క్రౌన్, పినియన్ దగ్గరగా)

మీ ఇరుసులో 41 పళ్ల క్రౌన్ (చక్రాలను తిప్పే పెద్ద పళ్లచక్రం), 10 పళ్ల పినియన్ (ఇంజిన్ వైపు నుంచి దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రం) ఉన్నాయనుకుందాం. అంటే పినియన్ 4.10 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది, రేషియో 4.10. 35 అంగుళాల టైరు వేశాక, ఆ పళ్లచక్రాలుండే హౌసింగ్‌ను ఎవరూ విప్పకపోయినా, పాత టైరు లెక్కలో మీ రేషియో 3.63కు పడిపోయినట్టే. కాబట్టి క్రౌన్ పినియన్ మార్పించడమంటే బండికి కొత్త శక్తి తెచ్చిపెట్టడం కాదు, టైరు పట్టుకుపోయినదాన్ని తిరిగి రాబట్టడం. లెక్క చాలా తేలిక: పాత రేషియోను కొత్త టైరు ఎత్తుతో హెచ్చించి పాత టైరు ఎత్తుతో భాగిస్తే 4.63 వస్తుంది. దానికి దగ్గరలో మార్కెట్‌లో ఉండే రేషియోలు 4.56, 4.88.

రేషియో మారిస్తే స్పీడు చచ్చిపోతుందని భయపడేవారికి అంకెలే సమాధానం చెబుతాయి. గేర్‌బాక్స్ ఒకటికి ఒకటిగా తిరిగే డైరెక్ట్ గేరులో, గంటకు 80 కిలోమీటర్ల వేగం దగ్గర, పాత టైర్లతో ఇంజిన్ నిమిషానికి సుమారు 2,200 చుట్లు తిరిగేది. పెద్ద టైర్లతో అది 1,950కి దిగుతుంది, 4.56 వేస్తే 2,180కి చేరుతుంది, 4.88 వేస్తే 2,330 అవుతుంది. అంటే పోయిందనుకున్న స్పీడు కంపెనీ ఇచ్చిన పాత లెక్క తప్ప మరేమీ కాదు. ఎక్కువగా హైవే మీద తిరిగేవారికి 4.56 చాలు. స్టీలు బంపరు, వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), పైన క్యారియరు అన్నీ బిగించి ఏజెన్సీ కొండదారులు పట్టేవారు 4.88 తీసుకోవాలని నా అభిప్రాయం, అయితే అందులో పినియన్‌కు 8 పళ్లే ఉంటాయి కనుక అది చిన్నదై, బలం కొంత తగ్గుతుందని తెలిసే తీసుకోవాలి.

"లో రేంజ్ ఉంది కదా" అనే జవాబు నాకు మరీ చిరాకు తెప్పిస్తుంది. లో రేంజ్ అంటే ఫోర్ బై ఫోర్ వేసినప్పుడు చక్రాల దగ్గర బలం పెంచే అదనపు గేరు. అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే పార్ట్‌టైమ్ ఫోర్ బై ఫోర్‌ను పొడి తారురోడ్డు మీద వేయకూడదన్నప్పుడు, ఘాట్‌రోడ్డులో అది మీకేం సాయపడుతుంది?

దిగేటప్పుడు కూడా బిందె చేతిలోనే ఉంటుందని మరవకండి. కొత్త రేషియోతో ఇంజిన్ బ్రేకింగ్ (యాక్సిలరేటర్ వదిలితే ఇంజిన్ బండిని పట్టి ఉంచడం) వెనక్కి వస్తుంది గానీ, బ్రేకు డిస్కు చక్రం దగ్గరే ఉంటుంది కనుక దానికి చాచిన చెయ్యి అలాగే మిగిలిపోతుంది. బ్రేకుల సంగతి వేరుగా చూసుకోవలసిందే.

సమయం అయిపోతోంది, మిగిలినవి త్వరగా చెబుతాను. ముందు ఇరుసు, వెనక ఇరుసు రెండింటికీ ఒకే రేషియో వేయాలి, లేకపోతే ఫోర్ బై ఫోర్ వేసినప్పుడు రెండూ ఒకదానితో ఒకటి పెనుగులాడి, రెండు ఇరుసులకూ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసును విరగ్గొడతాయి. క్రౌన్, పినియన్ ఎప్పుడూ జతగానే కొనాలి. మీ ఇరుసుకు ఆ జత అసలు దొరుకుతుందో లేదో టైర్లు కొనకముందే కనుక్కోండి. ఆటోనగర్‌లో ఎవరికి పని అప్పగించినా, డయల్ గేజీతో బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఉండే సందు) చూస్తారా, పళ్లకు రంగు పూసి ఒరిపిడి గుర్తు సరిచూస్తారా అని ముందే అడగండి. చేతితో ఊపి చూసి సరిపోయిందనేవారైతే బండి తిప్పుకుని వచ్చేయండి. మొదటి 800 కిలోమీటర్లు బరువు వేయకుండా నడిపి, గేరు నూనె మార్చండి. చివరగా, స్పీడు లెక్కను గేర్‌బాక్స్ నుంచి తీసుకునే బండిలో రేషియో మార్చగానే మీటరు దాదాపు సరిపోతుంది. చక్రాల దగ్గరి ఏబీఎస్ సెన్సార్ల నుంచి తీసుకునే బండిలో మాత్రం మీటరు 80 చూపిస్తున్నప్పుడు మీరు 90లో ఉంటారు, దాన్ని విడిగా సరిచేయించుకోవాలి.