పొగలో ఆల్డిహైడ్లు: లెక్క ఎక్కడ తప్పుతోంది?

యాంకర్: నమస్కారం. బండి పొగ అనగానే కార్బన్ మోనాక్సైడ్ గురించే మాట్లాడుకుంటాం. ఈ రోజు చర్చ అదే పొగలో వచ్చే ఆల్డిహైడ్లనే రసాయనాల మీద. డాక్టర్ గారూ, వీటితో అంత ప్రమాదమా?

వైద్యురాలు: అవునండి. వాటిలో ఒకటైన ఫార్మాల్డిహైడ్ కళ్లను, గొంతును మండిస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి గ్రూపులో చేర్చింది. అక్రోలీన్ అనే మరో ఆల్డిహైడ్ అయితే ఇంకా తక్కువ మోతాదుకే మంట పెడుతుంది.

యాంకర్: ఇంజన్‌లో ఇవి ఎలా పుడతాయి?

ఇంజనీర్: ఇంధనం పూర్తిగా కాలకుండా మధ్యలో ఆగిపోయినప్పుడు. మిథనాల్ కలిపితే ఫార్మాల్డిహైడ్, ఇథనాల్ కలిపితే ఎసిటాల్డిహైడ్ పెరుగుతాయి. ఇథనాల్ బాగా వాడే బ్రెజిల్‌లో ఆల్డిహైడ్లకు విడిగా పరిమితి ఉంది. కాలిఫోర్నియా ఫార్మాల్డిహైడ్‌కు పెట్టింది.

యాంకర్: పొగలో మిగిలే కాలని ఇంధనాన్ని, అంటే హైడ్రోకార్బన్లను, ఎలాగూ కొలుస్తున్నారు కదా, వాటిలో ఇవి రావా?

కెమిస్ట్: రావండీ, అసలు చిక్కే అది. హైడ్రోకార్బన్లు కొలిచే ఫ్లేమ్ అయొనైజేషన్ డిటెక్టర్ ఫార్మాల్డిహైడ్‌కు దాదాపు స్పందించదు. అందుకే డీఎన్‌పీహెచ్ అనే రసాయనం పూసిన కార్ట్రిడ్జ్ గుండా పొగను పంపిస్తాం. ఆల్డిహైడ్ దానితో కలిసి హైడ్రజోన్ అనే కొత్త పదార్థంగా మారి అక్కడే నిలుస్తుంది. దాన్ని అసిటోనైట్రైల్ అనే ద్రావకంతో కడిగి, ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో 360 నానోమీటర్ల కాంతి దగ్గర చూస్తాం.

యాంకర్: పద్ధతి ఉందన్నమాట. మరి లెక్క ఎక్కడ తప్పుతోంది?

కెమిస్ట్: కార్ట్రిడ్జ్ దాకా వచ్చే దారిలో. ఫార్మాల్డిహైడ్ నీళ్లలో ఇట్టే కరుగుతుంది, పొగలో నీటి ఆవిరి బోలెడు. గొట్టం ఎక్కడ చల్లబడినా ఆవిరి నీరై, ఆల్డిహైడ్‌ను అక్కడే ఆపేస్తుంది. రిపోర్టులో మాత్రం బండి శుభ్రమని వస్తుంది! నాకు కోపం తెప్పించేది ఇదే. ఆ గొట్టాన్ని వేడిగా ఉంచాలి, పొగను గాలితో పలుచన చేయాలి. ఆ గాలిలోనూ, ఖాళీ కార్ట్రిడ్జ్‌లోనూ ముందే ఉన్న ఫార్మాల్డిహైడ్‌ను లెక్కలోంచి తీసేయాలి. వెనక ఇంకో కార్ట్రిడ్జ్ పెడితే, మొదటిదాన్ని దాటి ఎంత పోయిందో తెలుస్తుంది. పైగా నైట్రోజన్ డయాక్సైడ్ కూడా డీఎన్‌పీహెచ్‌తో చర్య జరుపుతుంది. హెచ్‌పీఎల్‌సీ గ్రాఫులో అలా వచ్చే పీక్‌ను ఫార్మాల్డిహైడ్ అనుకుని పొరబడొచ్చు.

వైద్యురాలు: అక్రోలీన్ సంగతేంటి?

కెమిస్ట్: అది మరీ కష్టమండి. దాని హైడ్రజోన్ నిలకడగా ఉండదు, కార్ట్రిడ్జ్ మీదే ఇంకోలా మారిపోతుంది. ఈ పద్ధతిలో అక్రోలీన్ లేదని వస్తే నేను నమ్మను.

ఇంజనీర్: ఇంకో మాట. కార్ట్రిడ్జ్ ఇచ్చేది సగటు మాత్రమే. చల్లగా ఉన్న బండిని స్టార్ట్ చేస్తే, పొగను శుభ్రం చేసే క్యాటలిస్ట్ సుమారు 250–300 డిగ్రీలకు వేడెక్కేదాకా సరిగ్గా పనిచేయదు. ఆల్డిహైడ్లు ఎక్కువగా బయటికొచ్చేది అప్పుడే. పరారుణ కాంతితో వాయువులను కొలిచే ఎఫ్‌టీఐఆర్ పరికరం అయితే సెకను సెకనుకూ చూపిస్తుంది.

కెమిస్ట్: నిజమే. కానీ అందులో నీటి ఆవిరి, ఇతర హైడ్రోకార్బన్లు అడ్డొస్తాయి. మోతాదు బాగా తక్కువైతే తడబడుతుంది. రెండూ ఒకే టెస్టులో పెట్టి పోల్చుకోవడమే మంచిది.

యాంకర్: వెంటనే ఒక్క మార్పు చేయమంటే?

కెమిస్ట్: చల్లటి స్టార్ట్ తర్వాతి తొలి నిమిషాలకు విడిగా కార్ట్రిడ్జ్ పెట్టాలి, ఆ అంకెను సగటులో కలపకుండా రిపోర్టులో చూపాలి. దీనికి కొత్త మిషన్ కూడా అక్కర్లేదు.

వైద్యురాలు: నాకు కావాల్సింది కూడా ఆ అంకేనండి. జనం బండి స్టార్ట్ చేసేది ఇంటి ముందే కదా, పిల్లలు ఆడుకునేదీ అక్కడే.