వెల్స్: గోడకు అటూ ఇటూ

శ్రోతలకు నమస్కారం. ఇంగ్లండ్ అనగానే మనకు లండన్, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ గుర్తొస్తాయి. చదువులకీ ఉద్యోగాలకీ మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది అక్కడికే మరి. ఈ రోజు చెప్పబోయే ఊరు అలాంటిది కాదు. పేరు వెల్స్. నైరుతి ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్‌లో, మెండిప్ కొండల కింద ఉంటుంది. జనాభా దాదాపు 11 వేలు. మన లెక్కలో ఓ మేజర్ పంచాయతీ. అధికారికంగా మాత్రం నగరం! లండన్ నడిబొడ్డున ఉన్న సిటీ ఆఫ్ లండన్‌ని పక్కన పెడితే, ఇంగ్లండ్ మొత్తంలో ఇంతకన్నా చిన్న నగరం లేదు.

ఈ హోదా చర్చి వల్ల వచ్చింది. కతీడ్రల్ ఉన్న ఊరిని నగరం అనడం అక్కడి పాత ఆనవాయితీ. బిషప్ పీఠం ఉండే చర్చిని కతీడ్రల్ అంటారని మెదక్ చర్చిని చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వెల్స్‌లో బిషప్ పీఠం 909లో ఏర్పడింది. అంతకుముందు నుంచీ అక్కడ నీళ్ళున్నాయి. మెండిప్ కొండలు సున్నపురాయి కొండలు. వాటి మీద కురిసిన వాన రాతి పగుళ్ళలోంచి దిగి, భూమి లోపల ప్రయాణించి, వెల్స్‌లో ఊటలుగా పైకి వస్తుంది. ఊరికి పేరు వచ్చిందీ ఆ ఊటల వల్లే. ఇప్పుడు అవి బిషప్ గారి తోటలో ఉన్నాయి. ఈ ఊరి కథలో సగం ఇక్కడే ఉంది. ఊరంతటికీ ప్రాణమైన నీళ్ళు ఒక్కరి పెరట్లో ఉంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ముందు ఆ పీఠం చేజారిన సంగతి చెప్పాలి. 1090 ప్రాంతంలో అప్పటి బిషప్ పీఠాన్ని పక్కనున్న బాత్ పట్టణానికి మార్చేశాడు. వెల్స్ చర్చివాళ్ళు ఊరుకోలేదు. పీఠం తమ దగ్గర లేకపోయినా 1175 ప్రాంతంలో కొత్త చర్చి పని మొదలుపెట్టారు, అదీ ఓ మహా కతీడ్రల్ కొలతల్లో. పెళ్ళి కుదరకముందే పందిరి వేసేశారన్నమాట! 1239లో ప్రతిష్ఠ జరిగింది. చివరికి 1245లో రెండు ఊళ్ళ పేర్లూ కలిపి ‘బిషప్ ఆఫ్ బాత్ అండ్ వెల్స్’ అన్న బిరుదుతో రాజీ కుదిరింది. ఆ బిరుదు ఇప్పటికీ అదే.

ఆ చర్చి పడమటి ముఖం చూస్తే వాళ్ళ పంతం తెలుస్తుంది. గోడ నిండా గూళ్ళు, గూళ్ళలో రాతి బొమ్మలు. మధ్యయుగాల నాటివే ఇంకా దాదాపు 300 మిగిలాయి. ఒకప్పుడు వాటికి రంగులుండేవి. గోడలో కొన్ని రంధ్రాలు వదిలారు, కింద నిలబడి చూసేవాళ్ళకి అవి కనబడవు. పండగ ఊరేగింపు వచ్చినప్పుడు గోడ వెనకాల పిల్లలు నిలబడి ఆ రంధ్రాల్లోంచి పాడితే, జనానికి రాతి దేవదూతలే పాడుతున్నట్టు ఉండేది. మైకులు లేని రోజుల్లో ఎంత గట్టి ఏర్పాటో చూడండి.

లోపల నాకు దేవదూతల కంటే స్తంభాల తలకట్టు మీది మనుషులే ఎక్కువ ఇష్టం. ఒకాయన పంటి నొప్పితో నోరు వేళ్ళతో లాగి పట్టుకుని ఉంటాడు. ఇంకో స్తంభం చుట్టూ ఓ దొంగతనం కథ చెక్కారు. ఇద్దరు తోటలో పళ్ళు కోస్తుంటారు. పక్కన తోటమాలికి కబురు అందుతుంది. ఇంకాస్త తిరిగితే అతను ఒకణ్ణి చెవి పట్టుకుని ఉంటాడు. ఆ తరవాత నెత్తి మీద ఒక్కటి! ప్రార్థన జరిగే చోట ఇలాంటివి చెక్కిన శిల్పికి ఊళ్ళో రోజూ జరిగేదే కళ్ళ ముందు ఉండి ఉంటుంది.

ఆడంబరం ఒకసారి ప్రాణం మీదికి తెచ్చింది. 1313లో మధ్య గోపురాన్ని ఇంకా ఎత్తు పెంచడం మొదలెట్టారు. పైన సీసం రేకుల శిఖరం. బరువు పెరిగింది, పునాది కుంగింది, గోడలు పగుళ్ళిచ్చాయి. 1338లో విలియం జాయ్ అనే మేస్త్రీకి పని అప్పగించారు. మామూలు ఆర్చీ మీద ఇంకో ఆర్చీని తలకిందులుగా నిలబెట్టి, రెండూ కలిసే చోట కత్తెర ఆకారం వచ్చేలా కట్టాడాయన. గోపురాన్ని మూడు పక్కల ఈ కత్తెర ఆర్చీలు పట్టుకున్నాయి. అవి మరీ కొత్తగా ఉండి కంటికి ఇబ్బంది అని కొందరంటారు, ఈ మధ్య వేశారని పొరబడేవాళ్ళూ ఉంటారు. ఎవరేమన్నా, దాదాపు 700 ఏళ్ళుగా గోపురం నిలిచే ఉంది.

ఇక బిషప్‌కీ ఊరికీ తగాదా. వెల్స్ వ్యాపారులు ఉన్ని బట్టలతో బాగా సంపాదించారు. 1340ల్లో రాజు దగ్గర హక్కుల పత్రం సంపాదించి బిషప్ పెత్తనం నుంచి బయటపడదామని చూశారు. బిషప్ రాల్ఫ్ దాన్ని రద్దు చేయించాడు. అంతటితో ఆగక తన ప్యాలెస్ చుట్టూ ఎత్తైన గోడ కట్టించి, ఊట నీళ్ళు మళ్ళించి కందకం నింపాడు. దైవభక్తుడికి ఊరి జనం నుంచి రక్షణగా కందకం! ఇప్పుడు ఆ కందకంలో హంసలు తిరుగుతుంటాయి. 19వ శతాబ్దంలో ఓ బిషప్ గారి అమ్మాయి వాటికి గంట కొట్టడం నేర్పింది. ఆకలేస్తే ముక్కుతో తాడు లాగి గంట కొడతాయి, లోపలి నుంచి మేత వస్తుంది. ఒక తరం నుంచి ఇంకో తరానికి ఆ అలవాటు అలా వస్తూనే ఉంది.

రాల్ఫ్ గారికి తన గాయకుల మీద కూడా అంత నమ్మకం లేదు. రోజూ ప్రార్థనలు పాడే వికార్లు ఊళ్ళో అద్దెకుంటే చెడిపోతారని వాళ్ళకోసం ఓ వీధి మొత్తం కట్టించాడు. అదే వికార్స్ క్లోజ్. రెండు వరసల రాతి ఇళ్ళు, పొడవాటి పొగ గొట్టాలు, చివర చిన్న ప్రార్థనా మందిరం. యూరప్‌లో ఒక పథకం ప్రకారం కట్టి, అప్పటి నుంచీ జనం వదలకుండా ఉంటున్న వీధుల్లో ఇదే అతి పాతది అంటారు. పైకి వెళ్ళేకొద్దీ వీధి కొంచెం ఇరుకవుతుంది కాబట్టి ఉన్నదానికన్నా పొడవుగా కనిపిస్తుంది. గాయకులు రోడ్డు మీద కాలు పెట్టకుండా చర్చికి వెళ్ళాలని 1459లో పైనుంచి వంతెన కూడా కట్టారు. కతీడ్రల్ గాయకులు కొందరు ఇప్పటికీ ఆ ఇళ్ళలోనే కాపురం.

మరి నీళ్ళ సంగతి? 1451లో బిషప్ బెకింగ్టన్ తన ఊటలోంచి ఊళ్ళోకి గొట్టం వేయించాడు. బదులుగా ఊరి పెద్దలు ఏడాదికోసారి తన సమాధి దగ్గరకు వచ్చి ప్రార్థన చెయ్యాలని షరతు పెట్టాడు. ఆ సమాధి బతికుండగానే కట్టించుకున్నాడు. పైన బిషప్ దుస్తుల్లో హుందాగా పడుకున్న బొమ్మ, కింది అరలో అదే మనిషి ఎముకలు తేలిన శవంగా. హై స్ట్రీట్ పక్క కాలవల్లో ఈ నీళ్ళు ఈనాటికీ పారుతున్నాయి. గోడ కట్టిన బిషప్ కంటే గొట్టం వేసిన బిషప్పే ఊరికి దగ్గరయ్యాడని నా అభిప్రాయం.

ఆ తరవాతి చరిత్రలో రక్తం కూడా ఉంది. ఎనిమిదో హెన్రీ రాజు మఠాలు మూయిస్తున్న రోజుల్లో, 1539లో, పక్క ఊరు గ్లాస్టన్‌బరీ మఠాధిపతి రిచర్డ్ వైటింగ్‌ని వెల్స్‌లో విచారించి, మర్నాడు అతని మఠం ఉన్న ఊళ్ళోనే కొండ మీద ఉరి తీశారు. 1685లో రాజు రెండో జేమ్స్ మీద తిరగబడ్డ మన్మత్ డ్యూక్ మనుషులు కతీడ్రల్ మీద పడి, తూటాలకోసం పైకప్పు సీసం ఊడబీకారు. తిరుగుబాటు విఫలమయ్యాక జడ్జి జెఫ్రీస్ ఇక్కడే విచారణ పెట్టాడు. ఒక్క రోజులో 500 మందికి పైగా తీర్పులు చెప్పాడంటే అది ఎలాంటి విచారణో అర్థమవుతుంది. 1703 మహా తుఫానులో పొగ గొట్టాలు కూలి, నిద్రపోతున్న బిషప్ కిడర్, ఆయన భార్య ప్యాలెస్‌లోనే చనిపోయారు. కందకం, గోడ గాలికి అడ్డం రాలేదు.

బట్టల వ్యాపారం సన్నగిల్లింది. రైలు వచ్చి, 1963లో ప్రయాణికులకు ఆగిపోయింది. ఊరు పెరగలేదు. పాత వీధులు అలా మిగలడానికి అదీ ఓ కారణమే. అలాగని మ్యూజియం కాదు, బుధ, శనివారాల్లో సంత జరుగుతుంది. ఆ సంత జరిగే చోటే నేల మీద ఓ గుర్తు ఉంది. వెల్స్‌లో పుట్టిన మేరీ రాండ్ 1964 టోక్యో ఒలింపిక్స్‌లో లాంగ్ జంప్‌లో 6.76 మీటర్లు దూకి బంగారు పతకం తెచ్చింది. ఆ దూరాన్నే కొలిచి చూపించారు. ఒక చివర నిలబడి రెండో చివరికి చూస్తే, ఆ అమ్మాయి గాల్లో ఎంతసేపు ఉందో అనిపిస్తుంది.

వెళ్ళాలనుకుంటే బాత్ గానీ బ్రిస్టల్ గానీ రైల్లో చేరి అక్కణ్ణుంచి బస్సెక్కాలి. కతీడ్రల్‌లో 1390 ప్రాంతపు గడియారం ముందు కాస్త ముందుగా నిలబడండి. అసలు యంత్రం లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది కానీ బొమ్మలు ఇక్కడే. పావుగంటకోసారి గుర్రాల మీద వీరులు తిరుగుతూ పోట్లాడతారు, ప్రతిసారీ ఒకడే దెబ్బ తిని వెనక్కి పడతాడు. ఆరు వందల ఏళ్ళుగా ఒకడికే దెబ్బలు! మీరు ఎవరి పక్షమో అక్కడే తేల్చుకోండి. నమస్కారం.