బల్ల నడిమి దీపం

సభకు నమస్కారం. శనివారం సాయంత్రం బెంగళూరు ట్రాఫిక్ దాటుకుని ఇంతమంది తెలుగువాళ్లు వచ్చారు, చాలా సంతోషం. పల్లెల్లో పేదవాళ్లకు కంటి శుక్లాల ఆపరేషన్లు చేయించే ఒక బృందం, పోయినేడు నవంబరులో ఇక్కడి హోటల్లో విరాళాల కోసం విందు పెట్టింది. ఆ విందుకు టేబుళ్ల మధ్యలో పెట్టే దీపాలు చేసింది మేమే, నేనూ నా ఇద్దరు సహాయకులూ. ఆ పని ఎలా సాగిందో చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. ఇదిగో, రెండు దీపాలు మోసుకొచ్చాను. వాటి సంగతి చివర్లో.

22 టేబుళ్లు, టేబుల్‌కు పదిమంది. మంట ఉండకూడదని హోటల్‌వాళ్లు ముందే చెప్పేశారు. కార్పెట్ మీద వైర్లు లాగకూడదు. టేబుల్‌కు 3,500 రూపాయలు దాటకూడదు. ఈ చివరి మాట హోటల్‌వాళ్లది కాదు, నాది. ఆపరేషన్లకు డబ్బు పోగుచేసే చోట అలంకరణకు పెట్టే ప్రతి రూపాయీ ఆ ఆపరేషన్లలోంచి తీసిందే. అందుకే ఒక్క రాత్రికి వెలిగి చెత్తలోకి పోయే వస్తువు చేయకూడదనుకున్నాం. విందు అయ్యాక ఎవరైనా కొనుక్కుని ఇంట్లో పెట్టుకునే దీపం కావాలి, ఆ డబ్బు కూడా ఆపరేషన్లకే వెళ్లాలి.

ముందు బల్ల గురించి చెప్తాను, చాలామంది అక్కడే తప్పటడుగు వేస్తారు. రిసెప్షన్లలో చూసే ఉంటారు, టేబుల్ మధ్యలో నిండు పూలకుండీ ఉంటుంది. ఎదుటి కుర్చీలో ఎవరున్నారో చూడాలంటే మెడ పక్కకు వంచాలి. కూర్చున్న మనిషి కళ్లు బల్ల పైనుంచి సుమారు 16 నుంచి 18 అంగుళాల ఎత్తులో ఉంటాయి. కాబట్టి మధ్యలో పెట్టేది 12 అంగుళాల లోపే ఆగిపోవాలి, లేదా 24 అంగుళాల పైన మొదలవ్వాలి. ఆ రెంటి మధ్య చోటు చూపులది, దాన్ని ఆక్రమించే హక్కు మనకు లేదు. పదిమంది కూర్చునే గుండ్రటి బల్ల అడ్డకొలత 6 అడుగులు. ఒక్కొక్కరికి అంచున 22 అంగుళాలు వస్తుంది. కంచం, గ్లాసులు, వడ్డించేవాళ్ల చేతులు పోగా నడుమ మిగిలేది తక్కువ. అందుకని 10 అంగుళాల పీఠం, వేలంత సన్నని ఇత్తడి కాండం, 26 అంగుళాల ఎత్తు నుంచి విచ్చుకునే కొమ్మలు అని గీసుకున్నాం. పది కొమ్మలు, పది ఆకులు. కూర్చున్నవాళ్లకు తలా ఒక ఆకు.

ఆకు దేనితో చేయాలి? ప్లాస్టిక్ వద్దనుకున్నాక నాకు మరో ఆలోచనే రాలేదు. నేను పుట్టింది ధర్మవరం దగ్గర. మా చిన్నప్పుడు జాతరలో తెల్లటి తెర, దాని వెనక ఆముదపు దీపాలు, తెర మీద ఎర్రగా పచ్చగా వెలిగే హనుమంతుడు. తోలుబొమ్మకు ఆ రంగు తోలు మీద పడిన వెలుగుతో రాదు, తోలులోంచి దూరి వచ్చిన వెలుగుతో వస్తుంది. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ పని జరుగుతోంది. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లోనే భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్, దక్కింది. బొమ్మలాటకు పిలిచేవాళ్లు తగ్గాక, అక్కడివాళ్లు అదే తోలుతో లాంప్‌షేడ్లు చేసి బతుకుతున్నారు.

ఆగస్టులో వెళ్లాను. మేకతోలును నీళ్లలో నానబెట్టి, వెంట్రుక తీసి, పల్చగా గీకి, బిగలాగి ఆరబెడతారు. తర్వాత ఉలితో చిల్లులు కొట్టి రంగులు వేస్తారు. వానల్లో తోలు సరిగా ఆరదని, తొందరపెడితే తర్వాత ముడుచుకుంటుందని అక్కడి కళాకారుడు చెప్పాడు. అక్టోబరు మొదటి వారం దాకా ఆగాం. 240 ఆకులు వచ్చాయి, ఏ రెండూ ఒకేలా లేవు. ఒకదాంట్లో నెమలి, ఒకదాంట్లో చేప, ఒకదాంట్లో చిల్లులు తప్ప మరేమీ లేవు. వేడి తగిలితే తోలు ముడుచుకుపోతుంది కాబట్టి లోపల పెట్టేది చల్లగా ఉండే చిన్న ఎల్ఈడీ మాత్రమే, అదీ తోలుకు ఆనకుండా.

మొదటి నమూనా పూర్తయ్యాక మా జయనగర్ ఇంట్లోనే బల్ల వేసి, పదిమంది బంధువుల్ని భోజనానికి పిలిచాను. అందరూ బాగుందన్నారు. మా పెద్దమ్మకు 74 ఏళ్లు, అప్పటికి శుక్లాలు మొదలయ్యాయి. ఆవిడ అన్నం కలుపుకోకుండా కూర్చుంది. "ఏం పెద్దమ్మా?" అన్నాను. "దీపం బాగుంది గానీ అమ్మాయీ, చుట్టూ పువ్వులా విచ్చుకుంటోంది. దాని వెనక మీ బాబాయి మొహం కనపడటం లేదు" అంది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. శుక్లం వచ్చిన కంట్లో లెన్స్ మసకబారుతుంది. సూటిగా తగిలే వెలుగు ఆ మసకలో చెదిరి చుట్టూ వలయంలా పరుచుకుంటుంది. అసలు వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లెన్స్ పసుపెక్కుతుంది. కుర్రవాళ్లకు చాలిన వెలుతురు పెద్దవాళ్లకు చాలదు, కానీ అదే పెద్దవాళ్లను మొన దేలిన దీపం ఎక్కువ బాధపెడుతుంది. విందుకు వచ్చి విరాళాలు ఇచ్చేవాళ్లలో సగం మంది అరవై దాటినవాళ్లే. కంటి ఆపరేషన్ల కోసం పెట్టిన విందులో నేను చేసిన దీపం వాళ్ల కళ్లలోనే గుచ్చుకోబోతోంది!

కార్తీకమాసంలో గుడి ధ్వజస్తంభానికి కట్టే ఆకాశదీపం గుర్తొచ్చింది. చిల్లుల ఇత్తడి పాత్రలోంచి వెలుగు వస్తుంది, ఒత్తి మాత్రం కనపడదు. మేమూ ఎల్ఈడీలన్నింటినీ పైకి తిప్పేశాం. ప్రతి ఆకు పైన తెల్ల రంగు వేసిన చిన్న గొడుగు పెట్టాం. వెలుగు గొడుగుకు తగిలి, మెత్తబడి, తోలులోంచి కిందికి దిగుతుంది. హోటల్‌వాళ్లు మెరూన్ టేబుల్ క్లాత్ ఇస్తామంటే వద్దని గోధుమ తెలుపు అడిగాను. ముదురు బట్ట వెలుగును తాగేస్తుంది. తెల్లబట్ట దాన్ని మళ్లీ మొహాల మీదికి పంపుతుంది, అదీ కింద నుంచి మెల్లగా, అందరూ కాస్త నిగారింపుతో కనపడేలా. ఇంకొకటి, మామూలు ఎల్ఈడీ స్ట్రిప్ వెలుగులో ఎరుపు తక్కువ. దాని కింద ఎర్ర తోలు గోధుమరంగుకు తిరుగుతుంది, టమాటా పప్పు చూస్తే తినబుద్ధి కాదు. ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఎస్‌పీ రోడ్డులో మూడు రోజులు తిరిగి, 2,700 కెల్విన్ల వెచ్చటి రంగు, సీఆర్ఐ (వెలుగులో రంగులు ఎంత సహజంగా కనపడతాయో చెప్పే అంకె, నూటికి) 90 పైన ఉన్నవి పట్టుకున్నాం. పూలు అసలు పెట్టలేదు. లిల్లీ వాసన, బిర్యానీ వాసన కలిస్తే రెండూ పాడవుతాయి.

ఇక ఆకులు వెలిగేది ఎలా? విరాళం ప్రకటించినప్పుడు ఫోన్ నొక్కితే ఆకు వెలగాలని మొదట అనుకున్నాం. వర్క్‌షాపులో చక్కగా పనిచేసింది. తెలిసినవాళ్ల రిసెప్షన్‌లో, నిండు హాల్లో పరీక్షించి చూస్తే సిగ్నల్ నత్తనడక నడిచింది. రెండు వందల ఫోన్లు అదే గాలిలో పోట్లాడుకుంటాయి. పైగా మనిషి ఒంట్లో ఎక్కువ పాలు నీరే, వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్ని ఆ నీరు పీల్చుకుంటుంది. ఖాళీ హాలు వేరు, జనంతో నిండిన హాలు వేరు.

ఆ ఓటమి వల్ల మంచే జరిగింది. మన సభల్లో జ్యోతి ప్రజ్వలన ఎప్పుడూ ముఖ్య అతిథి చేస్తారు, మిగతావాళ్లం చప్పట్లు కొడతాం. అలా కాకుండా హాల్లో ఉన్న 220 మందీ తమ చేత్తో వెలిగిస్తే? ప్రతి కంచం పక్కన ఒక చిన్న చెక్కబిళ్ల పెట్టాలనుకున్నాం. బిళ్లలు చన్నపట్నలో చేయించాం, మైసూరు రోడ్డులో ఇక్కడికి దగ్గరే. అక్కడ ఆలె మర అంటారే, అది మన ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రే. మీద లక్క రంగు, లోపల చిన్న అయస్కాంతం. పీఠం మీద పది గుంటలు, ప్రతి గుంట కింద ఒక రీడ్ స్విచ్. సన్నని గాజు గొట్టంలో రెండు లోహపు రేకులు ఉంటాయి. బిళ్లను గుంటలో పెడితే అయస్కాంతం దగ్గరికొచ్చి అవి కలుసుకుంటాయి, ఆకు వెలుగుతుంది. అంతే. ఫోనూ లేదు, సాఫ్ట్‌వేరూ లేదు.

బరువు కోసం పీఠంలో ఇనుప పలక పెడితే సగం స్విచ్‌లు పనిచేయలేదు. అయస్కాంతపు బలాన్ని ఇనుము తనవైపు లాగేసుకుంటోందని తెలిసేసరికి రెండు రోజులు పోయాయి. జిగణిలో గ్రానైట్ కోసేచోట మిగిలిన ముక్కలు తెచ్చి ఇనుము బదులు పెట్టాం. వైర్లు లేవు కాబట్టి కరెంటుకు పీఠంలో పెట్టిన పవర్ బ్యాంకు మరో పేచీ పెట్టింది. ఆకులు వెలగకముందు పీఠం చుట్టూ చిన్న వెలుగు మాత్రమే ఉంటుంది, అంత తక్కువ కరెంటు వాడితే ఫోన్ నిండిపోయిందనుకుని పవర్ బ్యాంకు తనంతట తానే ఆగిపోతుంది. ఆ వెలుగును ఒక వాట్‌కు పెంచాం. పది ఆకులకు మూడు వాట్లు, మొత్తం నాలుగు. ఐదు గంటలకు 20 వాట్-అవర్లు. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు మీద 37 వాట్-అవర్లు అని రాసి ఉంటుంది, నష్టాలు పోయినా సరిపోతుంది.

విందు రాత్రి ఒక కంటి డాక్టరుగారు మాట్లాడారు. ఆ తర్వాత హాల్లో లైట్లు తగ్గించారు. ఎవరు మొదట పెట్టారో చూడలేకపోయాను, మూలనున్న టేబుల్ దగ్గర ఒక ఎర్రటి ఆకు వెలిగింది. తర్వాత పక్క టేబుల్, ఆ పక్కది. నేను ఊహించనిది ఒకటి జరిగింది. ఒక టేబుల్‌కు ఇద్దరు రాలేదు, వాళ్ల ఆకులు చీకట్లో ఉండిపోయాయి. ఖాళీ కుర్చీ గురించి నేను ఆలోచించనే లేదు. కాసేపటికి ఆ టేబుల్‌లో ఒక పెద్దాయన లేచి, ఖాళీ కంచం పక్కనున్న బిళ్ల తీసుకుని, "ఇది మా అమ్మ పేరు మీద" అని పెట్టాడు. రెండోది ఆయన పక్కనున్నావిడ పెట్టింది, ఎవరి పేరు మీదో చెప్పలేదు.

ఒక దీపంలో మాత్రం వ్యాన్ కుదుపులకు టంకం ఊడి రెండు ఆకులు వెలగలేదు. అదనంగా తెచ్చిన దానితో మార్చాం. విందు చివర 19 దీపాలు అమ్ముడయ్యాయి, ఆ సొమ్మంతా ఆ బృందానికే ఇచ్చాం.

బల్ల మీదున్న రెంటిలో ఎడమవైపుది మా పెద్దమ్మ చూసిన మొదటి నమూనా. కుడివైపుది విందులో మిగిలిన మూడింటిలో ఒకటి. పెద్దమ్మకు జనవరిలో ఆపరేషన్ అయింది, ఇప్పుడు రెండూ బాగానే కనపడుతున్నాయంటుంది, కాబట్టి ఆవిడ మాట నాకిక పనికిరాదు. ముందు వరుసలో ఉన్న పెద్దవాళ్లు పదిమంది దయచేసి పైకి రండి, తలా ఒక బిళ్ల తీసుకోండి. హాల్లో లైట్లు ఆర్పేయండి బాబూ. ఎదుటివాళ్ల మొహం ఎక్కడ కనపడకపోయినా నాకు చెప్పండి, ఆ చోటు రాసుకుంటాను.