సిలువ కనబడగానే బైజాంటిన్ అని రాసెయ్యకండి

[తెర మీద: రెండు రాగి నాణేలు పక్కపక్కన]

రెండింటి మీదా ఒకే బొమ్మ. నిలబడ్డ చక్రవర్తి, ఒక చేతిలో పొడవాటి సిలువ, ఇంకో చేతిలో సిలువ ఉన్న గోళం. బొరుసు వైపు పెద్ద ‘ఎం’. గ్రీకులో ఆ అక్షరం 40కి గుర్తు, అంటే 40 నుమ్మిల (అప్పటి అతి చిన్న నాణెం) విలువ. ఎడమ పక్కది బైజాంటిన్, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో (ఇప్పటి ఇస్తాంబుల్) చక్రవర్తి రెండో కాన్‌స్టాన్స్ (641–668) కొట్టించింది. కుడి పక్కది అరబ్బుల పాలన వచ్చాక సిరియాలో కొట్టింది. దీన్ని అమ్మేవాళ్ళలో కొందరు ‘బైజాంటిన్, ముతక పని’ అని చీటీ రాస్తారు, కొందరు ఏకంగా ‘నకిలీ’ అనేస్తారు. రెండూ తప్పే. ఇది ఆ రోజుల్లో బజారులో చెల్లిన అసలు నాణెం.

636లో యర్ముక్ యుద్ధంలో అరబ్బులు బైజాంటిన్ సేనను ఓడించాక సిరియాలో పాలకులు మారారు గానీ చిల్లర అవసరం తీరలేదు. కాన్‌స్టాన్స్ నాణేలు 650ల చివరి దాకా అక్కడికి వస్తూనే ఉన్నాయి. చాలనప్పుడు స్థానికంగా వాటిని చూసి అచ్చులు చెక్కుకున్నారు. మరి సిలువ ఎందుకు ఉంచారు? సిరియాను ఏలిన ఖలీఫా మువావియా బంగారు, వెండి నాణేలు కొట్టిస్తే సిలువ లేదని జనం తీసుకోలేదని సిరియాక్ భాషలోని మారొనైట్ క్రానికల్ అనే క్రైస్తవ చరిత్ర గ్రంథం చెబుతోంది. ఇంతకంటే సూటి జవాబు నాకు కనబడలేదు.

ఇక గుర్తుపట్టడం. చుక్కలు లెక్కపెట్టకుండా పక్కింటి ముగ్గు చూసి వేసిన ముగ్గును ఊహించుకోండి. వీధిలోంచి చూస్తే అచ్చం అదే. దగ్గరికెళ్తే గీతలు కలవాల్సిన చోట కలవవు. ఈ నాణేల్లో చుక్కలంటే అక్షరాలు. బొమ్మ వైపు చుట్టూ గ్రీకులో ‘ఎన్ టౌటో నికా’ (‘దీనితో గెలువు’) అని, బొరుసు వైపు ‘ఎం’కి ఎడమన ‘అనా’, కుడిన ‘నెయోస్’ (రెండూ కలిపితే ‘పునరుద్ధరణ’ అనే మాటకి పొట్టి రూపం) అని ఉండాలి. ‘ఎం’ కింద టంకశాల విభాగం, ఏడాది ఉంటాయి. చెక్కినవాడికి గ్రీకు రాకపోతే ముందు చెడేది ఈ కింది వరసే. అంకెలు ఉత్త గీతలైపోతాయి. ఆ నాణేన్ని చూసి ఇంకొకడు చెక్కితే చుట్టూ ఉన్న మాట గుండ్రాలూ కొక్కేలూ అయిపోతుంది. చూసి వేసిన ముగ్గును మళ్ళీ చూసి వేసినట్టన్నమాట.

[తెర మీద: తిరగబడ్డ బొమ్మ]

చేతిలో నాణేన్ని ఎలా కనబడితే అలా అచ్చులో చెక్కితే కొట్టాక ఎడమ కుడి అవుతుంది. అసలు నాణెంలో పొడవాటి సిలువ మనకు ఎడమ పక్కన, గోళం కుడి పక్కన. తారుమారైతే అది అనుకరణే అనుకోవచ్చు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కాన్‌స్టాంటినోపుల్ టంకశాల పని కూడా ఆ రోజుల్లో ఘోరంగా ఉండేది. పాత నాణేల మీదే మళ్ళీ ముద్ర కొట్టేవాళ్ళు, కొన్నిసార్లు వాటిని ముక్కలు చేసి మరీ కొట్టేవాళ్ళు. అంచులు వంకర, సగం బొమ్మ బయటికి. అది తొక్కేసిన ముగ్గు. చెరిగిపోయినా, మిగిలిన చోట చుక్కల లెక్క సరిగ్గానే ఉంటుంది. కాబట్టి కొట్టడంలోని లోపాన్ని పక్కనబెట్టి చెక్కడాన్ని చూడండి. 10 రెట్ల భూతద్దం తీసుకుని, లైటు పైనుంచి కాకుండా ఒక పక్కనుంచి వాలుగా పడనివ్వండి. అప్పుడు అక్షరాలు పైకి తేలతాయి.

బరువు 0.01 గ్రాము దాకా చూపే త్రాసుతో రాసుకోండి గానీ దాని మీద తీర్పు ఇవ్వకండి. అనుకరణలు ఎక్కువగా 3–5 గ్రాములుంటాయి, అసలువి కూడా అక్కడే తూగుతాయి. దానికంటే అచ్చుల దిశ ఎక్కువ చెబుతుంది. బొమ్మ నిటారుగా ఉండేలా అంచులు పట్టుకుని, తలుపు తిప్పినట్టు పక్కకి తిప్పండి. కాన్‌స్టాంటినోపుల్ నాణేల్లో చాలావరకు ‘ఎం’ తలకిందులుగా వస్తుంది. అనుకరణల్లో ఎటైనా ఉండొచ్చు.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా. సుమారు 660ల నుంచి ఊళ్ళ పేర్లతో నాణేలు వచ్చాయి. ముగ్గుకు చుక్కలు మళ్ళీ సరిగ్గా పెట్టడం మొదలైందన్నమాట. సిరియాలోని హోమ్స్‌లో చక్రవర్తి తల, భుజాల బొమ్మ, గ్రీకులో ‘కాలోన్’, అరబీలో ‘తయ్యిబ్’, రెండింటికీ అర్థం ‘మంచిది’. తబరియాలో (టైబీరియస్) ముగ్గురు నిలబడ్డ బొమ్మ. దమాస్కస్ పేరు రెండు లిపుల్లోనూ ఉంటుంది. ఆ తర్వాత 690లలో ఖలీఫా అబ్దుల్ మాలిక్ హయాంలో కత్తి పట్టి నిలబడ్డ ఖలీఫా. బొరుసు వైపు మెట్ల మీద సిలువ ఉండే చోట అడ్డకర్ర పోయి నిలువు కర్ర మిగులుతుంది. 696–97లో బంగారు నాణేల మీద బొమ్మలే పోయి రాత మాత్రం మిగిలింది.

నకిలీల సంగతి. ఉపరితలం మీద సన్న బుడగలు, అంచు చుట్టూ అతుకు గీత ఉంటే పోత పోసిందే. మట్టి పొర జిగురుతో అంటించారేమో అనుమానమొస్తే అసిటోన్‌లో ముంచండి, జిగురు కరుగుతుంది. చింతపండు మాత్రం వద్దు! ఇత్తడి చెంబుకి అది బాగుంటుంది, 1,300 ఏళ్ళ పొరకి కాదు. లేత పచ్చ పొడి రాలుతుంటే అది కంచు జబ్బు, క్లోరైడ్ల వల్ల వస్తుంది. ఆ నాణేన్ని వేరు చేసి సిలికా జెల్‌తో పొడిగా ఉంచండి.

కొనేముందు పాత కొనుగోలు కాగితాలు అడగండి. 2011 మార్చి 15 తర్వాత సిరియా నుంచి అక్రమంగా తెచ్చిన పురావస్తువుల వ్యాపారాన్ని అడ్డుకోవాలని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2015లో 2199వ తీర్మానం చేసింది. కాగితం చూపనివాడి దగ్గర నాణెం ఎంత బాగున్నా వదిలెయ్యండి.