ఇంజను అనకండి, సీలు అనండి

సభకు నమస్కారం. జర్మన్ కార్లలో మరుగునపడ్డ కంపెనీల గురించి మాట్లాడమన్నారు. బోర్గ్‌వార్డ్, గ్లాస్, ఎన్‌ఎస్‌యూ అని మూడు పేర్లు రాసుకొచ్చాను. ముందు ఎన్‌ఎస్‌యూ మీద పడ్డ నింద తేల్చి, మిగతావాటికి వస్తాను.

నెకార్సుల్మ్ ఊరి పేరులోంచి తీసిన మూడక్షరాలవి. అల్లిక యంత్రాలతో మొదలై సైకిళ్లు, మోటార్‌సైకిళ్లు చేసి కార్లకొచ్చిన కంపెనీ. 1967లో రో 80 తెచ్చింది. రెండు రోటర్ల వాంకెల్ ఇంజను, అంటే పైకీ కిందికీ ఆడే పిస్టన్లకు బదులు లోపల రోటర్ తిరిగే ఇంజను. ఒక్కో చాంబరు 497.5 సీసీ, 115 హార్స్‌పవర్. మరుసటేడు యూరప్‌లో 'కార్ ఆఫ్ ది ఇయర్'. అయినా "వాంకెల్ ఇంజనే ముంచింది" అంటారు. ఇంజను అనకండి, సీలు అనండి!

రోటర్ ముక్కోణం. కొనకొక సీలు, రెండు రోటర్లకు ఆరు. మామూలు ఇంజన్లో పిస్టన్ రింగు చేసే పనే దీనిది, గ్యాసు పక్కకి జారకుండా ఆపడం. తొలి కార్లలో ఒక్కో సీలు మూడు ముక్కలు, మూడూ ఒకే పదార్థం. తప్పంతా అక్కడే. కోల్డ్ స్టార్టులో, అంటే చల్లారిన ఇంజన్ని స్టార్ట్ చేసినప్పుడు, నడిమి ముక్క ముందు అరుగుతుంది. అది అరిగితే పక్క ముక్కలు కదులుతాయి, ఆ సందులోంచి గ్యాసు తప్పించుకుంటుంది, కంప్రెషన్ పడిపోతుంది. బజారు దాకా పోయి రావడానికే కారు తీసేవాళ్లకు రోజుకెన్ని కోల్డ్ స్టార్టులో మీరే లెక్కేయండి.

ఇంకో చిక్కు, ఈ ఇంజను వణకదు. వణక్కపోతే ఎంత తిప్పుతున్నామో డ్రైవరుకు తెలీదు. తర్వాతి కార్లకు, మరీ ఎక్కువ తిప్పితే మోగే బజర్ పెట్టారు. అన్నట్టు దీనికి క్లచ్ పెడల్ లేదు. గేరు గుండు మీద చెయ్యి పడితే స్విచ్ పనిచేసి క్లచ్ విడిపోతుంది. గేరు మీద చెయ్యి ఆనించి నడిపే అలవాటున్నవాళ్ల గతి ఆలోచించండి!

నడిమి ముక్కను ఫెర్రోటిక్ అనే గట్టి పదార్థంతో చేశాక సీలు కుదిరింది. ఆలోపే వారంటీ కింద ఇంజన్లు మార్చి మార్చి ఖజానా ఖాళీ అయింది. 1969లో కంపెనీ ఫోక్స్‌వాగన్ చేతికి పోయింది. 1977 దాకా చేసింది 37 వేల పైచిలుకు రో 80లే. కొందరు వాంకెల్ తీసేసి ఫోర్డ్ వారి నాలుగు సిలిండర్ల మామూలు పిస్టన్ ఇంజను, వీ4, బిగించుకున్నారు. పొట్టిది కాబట్టి చోటుకి సరిపోయింది. వణుకే లేని కారుకి వణికే ఇంజను! అది అన్యాయం కాదా?

టైమైందని చీటీ వచ్చింది. గ్లాస్ వదిలేస్తాను. బోర్గ్‌వార్డ్ ఒక్కమాట. బ్రెమెన్‌లో 1961లో దివాలా అని మూసేశారు, తర్వాత అప్పులవాళ్లందరికీ బాకీ పూర్తిగా ముట్టింది. దివాలా కంపెనీకి అంత డబ్బు ఎక్కడిదో ప్రశ్నల సమయంలో అడగండి, చెప్తాను.