గుడి ఒక్కటే, ఆరాధనలు రెండు

అందరికీ నమస్కారం.

మన ఊళ్లలో ఆర్‌సీఎం, అంటే కేథలిక్ గుడి ఒక వీధిలో ఉంటే, లూథరన్ గుడో బాప్టిస్టు గుడో, ఏదో ఒక ప్రొటెస్టెంట్ గుడి ఇంకో వీధిలో ఉంటుంది. ఆదివారం ఎవరి గంట వాళ్లదే. ఫ్రాన్స్‌లోని అల్సాస్ ప్రాంతంలో, ద్రాక్షతోటల మధ్య హునావీర్ అనే చిన్న ఊరుంది. అక్కడ కేథలిక్‌లకీ ప్రొటెస్టెంట్లకీ గుడి ఒక్కటే. 1687 నుంచీ అంతే.

దూరం నుంచి చూస్తే అది గుడి అనిపించదు, కోట అనిపిస్తుంది. చుట్టూ ఆరు పలకల రాతి ప్రాకారం, దానికి ఆరు బురుజులు. గంటల గోపురం కూడా బలిసిన బురుజులాగే ఉంటుంది. దండయాత్రలు వస్తే ఊరివాళ్లు తలదాచుకోవాలి కదా! ప్రాకారం లోపలే సమాధులు. గుడిలో గోడ మీద సెయింట్ నికోలస్ కథను 15వ శతాబ్దంలో బొమ్మలుగా వేశారు.

16వ శతాబ్దంలో ఈ ఊరు జర్మన్ ప్రాంతమైన వుర్టెంబర్గ్ పాలకుల కింద ఉండేది. వాళ్లు ప్రొటెస్టెంట్లు కావడంతో ఊరూ అటే వెళ్లింది. తర్వాతి శతాబ్దంలో అల్సాస్ ఫ్రాన్స్ చేతికొచ్చింది. రాజు 14వ లూయీ పట్టుదల గల కేథలిక్. 1685లో మిగతా ఫ్రాన్స్‌లో ప్రొటెస్టెంట్ ఆరాధననే నిషేధించాడు. అల్సాస్‌లో మాత్రం ప్రొటెస్టెంట్ల ఆరాధనకు రక్షణ ఇచ్చిన 1648 నాటి వెస్ట్‌ఫాలియా సంధి అడ్డొచ్చింది. అందుకని ఇంకో దారి పట్టారు: ఊళ్లో ఏడు కేథలిక్ కుటుంబాలుంటే చాలు, గుడిలో పీఠం ఉండే భాగం వాళ్లకిచ్చేయాలి. జనం కూర్చునే హాలు ప్రొటెస్టెంట్లకి.

ఇది ప్రేమతో పంచుకున్నది కాదు, రాజాజ్ఞ. ఆ ఊరి ప్రొటెస్టెంట్ల కడుపుమంట నాకు అర్థమవుతుంది. తాతల నాటి నుంచి పాటలు పాడుకున్న చోట్లో సగం పోయింది. కానీ ఆ గోడలు లేపినవాళ్లు ఈ రెండు వర్గాలకీ పూర్వీకులే. ఇందులో ఎవరి హక్కు పెద్దదో చెప్పడం నా వల్ల కాదు.

మన దగ్గర 1947లో ఆంగ్లికన్, మెథడిస్టు తదితర ప్రొటెస్టెంట్ సంఘాలు కలిసి సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయ్యాయి. హునావీర్‌లో సంఘాలు కలవలేదు. కేథలిక్‌ల పూజ పూజే, ప్రొటెస్టెంట్ల ఆరాధన ఆరాధనే. అల్సాస్‌లో ఇలాంటి ఊళ్లు చాలా ఉండేవి. డబ్బు సమకూరాక అనేక చోట్ల వేరే గుడి కట్టుకుని విడిపోయారు. హునావీర్ వాళ్లు మాత్రం ఇప్పటికీ, ఒకరిది అయ్యాక ఒకరు, అదే గుమ్మంలోంచి లోపలికి వెళ్తున్నారు.